ఎనభైల తెలుగు సినిమా: తెర దిగిన రాజకీయం

1982 మార్చి 29న సినీనటుడు ఎన్టీ రామారావు తెలుగుదేశం పార్టీ పెట్టారు. 1983 జనవరి ఎన్నికల్లో మా శ్రీకాకుళం జిల్లా నిమ్మాడకు చెందిన కింజరాపు ఎర్రన్నాయుడు, ఇరవై ఆరేళ్లు నిండకుండానే, హరిశ్చంద్రపురం నుంచి ఆ పార్టీ ఎమ్మెల్యేగా గెలిచారు. సినిమా నిమ్మాడ జీవితంలోకి ఇంత నేరుగా రావడం అదే మొదలనుకుంటాను.

తెలుగు సినిమాకు సంబంధించి ఎనభైలంటే పాటలు, స్టెప్పులే గుర్తొస్తాయి చాలామందికి. నా దృష్టిలో అది రాజకీయాల దశాబ్దం. దాసరి నారాయణరావు తీసిన ‘సర్దార్ పాపారాయుడు’ 1980లో, ‘బొబ్బిలిపులి’ 1982లో వచ్చాయి. రెండోదాంట్లో కోర్టు బోనెక్కి వ్యవస్థను నిలదీసిన రామారావు, ఆ ఏడాదే చైతన్యరథం మీద ఊరూరా తిరిగారు. తెర మీది ఆవేశానికీ ఓటుకూ మధ్య దూరం చెరిగిపోయింది.

అదే కాలంలో ఎర్ర సినిమా అనే మరో పాయ పారింది. వామపక్ష కళాసంస్థ ప్రజానాట్యమండలి నుంచి వచ్చిన ప్రకాశం జిల్లావాళ్లు ఇద్దరు దానికి ఊపిరి పోశారు. మాదాల రంగారావు ‘యువతరం కదిలింది’ (1980), ‘ఎర్రమల్లెలు’ (1981) తీస్తే, టి.కృష్ణ ‘నేటి భారతం’ (1983), ‘ప్రతిఘటన’ (1985) తీశారు. ‘ప్రతిఘటన’లో దుర్మార్గుడైన నాయకుణ్ణి గొడ్డలితో నరికేది ఒక లెక్చరరమ్మ. ‘బొబ్బిలిపులి’ కన్నా ఇదే పెద్ద సాహసమని నా నమ్మకం. ఇక్కడ ఆదుకోడానికి మహావీరుడెవరూ రాడు.

ఈ సినిమాలు మాట్లాడిన పోరాటాన్ని మా జిల్లాలోని ఉద్దానం అంతకు పదేళ్ల ముందే రక్తంతో చూసింది. బొడ్డపాడులో జముకుల కథ అనే జానపద ప్రదర్శనతో జనాన్ని కదిలించిన నక్సలైట్ ఉద్యమ కవి సుబ్బారావు పాణిగ్రాహిని 1969 డిసెంబరులో పోలీసులు కాల్చి చంపారు. ఉత్తరాంధ్ర జానపద బాణీ ఎర్ర సినిమాలోకి రావడానికి 1986 దాకా ఆగాల్సివచ్చింది. ఆర్.నారాయణమూర్తి ‘అర్ధరాత్రి స్వాతంత్ర్యం’తో పార్వతీపురం వైపు నుంచి జానపద కవి వంగపండు ప్రసాదరావు సినిమాలోకి అడుగుపెట్టారు.

ఇలాంటి సినిమాలకు డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? ఆ రోజుల్లోనే బ్రిటన్‌లో థాచర్ ప్రభుత్వం, టికెట్ల మీద వసూలుచేసి సినిమాలకిచ్చే నిధిని 1985లో ఎత్తేసింది. అయినా 1982లో మొదలైన ఛానల్ ఫోర్ అనే టీవీ సంస్థ డబ్బు పెట్టి, అధికారాన్ని ప్రశ్నించే సినిమాలను బతికించింది. మనవాళ్లకు అలాంటి అండ లేదు. జనం కొన్న టికెట్టే ఆధారం.

1986లో టి.కృష్ణ పోయారు. 1989లో ‘శివ’ వచ్చాక యువకుల కోపం కాలేజీ గొడవలకూ సైకిల్ చైనుకూ మళ్లింది. నారాయణమూర్తి మాత్రం ఎర్ర సినిమా దారి వదల్లేదు. 1994లో ‘ఎర్రసైన్యం’తో మళ్లీ థియేటర్లు నింపారు.