చీటీ, చవుడు, గడి: ఒమాన్ భూ వినియోగంపై గతిశీల నమూనాల పరిశీలన

భూ వినియోగ మార్పును అంచనా కట్టడానికి పరిశోధకులు తరచుగా వాడే పనిముట్టు సెల్యులార్ ఆటోమేటా. నేలను గళ్ల కాగితంలా విడదీసి, ప్రతి గడికీ తోట, బీడు, ఇల్లు, రోడ్డు అంటూ ఒక స్థితి ఇస్తారు. చుట్టూ ఇళ్లు లేస్తే నడిమి గడిలోనూ ఇల్లు లేస్తుందన్నది దాని మూలసూత్రం. ఎంత నేల మారుతుందో దానికి జోడించే మార్కోవ్ గొలుసు అనే సంభావ్యతల లెక్క చెబుతుంది, ఎక్కడ మారుతుందో ఆటోమేటా చెబుతుంది. 1972 నుంచి పోగుపడుతున్న లాండ్‌శాట్ చిత్రాలే ఈ లెక్కకు ముడిసరుకు. పొరుగును బట్టి గడి మారుతుందన్న ఈ సూత్రం ఒమాన్‌లో ఎంతవరకు నిలుస్తుందన్నది ఇక్కడి ప్రశ్న.

1970లో సుల్తాన్ కాబూస్ గద్దెనెక్కేనాటికి దేశంలో తారు రోడ్డు పది కిలోమీటర్లకు మించి లేదంటారు. ఆ తర్వాత రాజధాని మస్కట్ కొండలకూ సముద్రానికీ నడుమ ఇరుక్కుని, పడమరగా సీబ్, బర్కాల వైపు సాగింది. రోడ్డు వెంట ఊరు పెరగడాన్ని నమూనా బాగానే పట్టుకుంటుంది. చిక్కంతా చీటీలతో వచ్చింది. 1984 నాటి రాజశాసనం కింద పౌరులకు ఇంటి స్థలాన్ని చీటీ తీసి ఇస్తూ వచ్చారు. ఒక్కోటి సుమారు 600 చదరపు మీటర్లు. 2008లో మహిళలకూ సమాన హక్కు వచ్చింది. స్థలం దక్కినవాళ్లంతా వెంటనే కట్టరు. అందుకే గులకరాళ్ల మైదానంలో ఒక తెల్లటి ప్రహరీ ఇల్లు, చుట్టూ ఖాళీ స్థలాలు. నమూనా దీన్ని 'యాదృచ్ఛికం' అన్న పరామితిలోకి తోసేస్తుంది. ఎవరి పేరు వస్తుందన్నది యాదృచ్ఛికమే; ఏ లేఅవుట్‌ను చీటీకి పెట్టాలన్నది మాత్రం కాదు.

మస్కట్‌కు పడమరగా సాగే తోటల ప్రాంతం బాతినా తీరంలో మాత్రం మార్పు నేల అడుగు నుంచి వచ్చింది. మోటార్లు వచ్చాక భూగర్భజలం ఊటను మించి తోడారు. సముద్రపు నీరు లోపలికి చొచ్చింది. ముందు అరటి, మామిడి, నిమ్మ పోతాయి. ఉప్పుకు ఓర్చే ఖర్జూరం చివరిదాకా నిలుస్తుంది. మన కోనసీమలో ఉప్పునీటి చెరువు పక్కన కొబ్బరితోట ఉన్నవాళ్లకు ఈ వరస కొత్త కాదు. ఖర్జూరపు మట్టలు పచ్చగా ఉన్నంతకాలం ఉపగ్రహ చిత్రంలో అది తోటే. అడుగున నేల అప్పటికే చవుడుబారి ఉంటుంది. పైగా పేరుకున్న ఉప్పును కడగడానికి రైతు ఇంకా నీళ్లు పెడతాడు, దాంతో ఇంకా తోడతాడు. ఈ విషవలయాన్ని గడులు పట్టుకోలేవు. 1969లో జే ఫారెస్టర్ నగరాలకు అన్వయించిన సిస్టమ్ డైనమిక్స్ పద్ధతి ఇక్కడ అక్కరకొస్తుంది: జలనిల్వను ఒక తొట్టిగా తీసుకుని, చేరే నీరు, తోడే నీరు, చొరబడే ఉప్పు లెక్కగట్టి, ఆ ఫలితాన్ని గడికి అందించాలి. 1985లో కట్టిన అల్ ఖౌద్ ఇంకుడు ఆనకట్ట లాంటివి చేరే నీటి పద్దులోకి వస్తాయి.

దేశం లోపలి ఊళ్ల సంగతి వేరు. అక్కడ సాగు ఫలజ్ అనే సంప్రదాయ నీటి కాలువల మీద నడుస్తుంది. నిజ్వాలోని ఫలజ్ దారిస్‌తో పాటు మరో నాలుగు ఫలజ్‌లను 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఫలజ్ నీటికి వంతులుంటాయి. ఒక 'అథర్' అంటే దాదాపు అరగంట పారకం. సంప్రదాయంగా పగలు కర్ర నీడతో, రాత్రి చుక్కలతో కొలిచేవారు. కరువొస్తే ఏటేటా విత్తే మళ్లు బీడు పెట్టి, ఉన్న నీరు ఖర్జూరానికి వదులుతారు. ఏ మడి బీడు పడాలో ఇక్కడ తేల్చేది కాలువలో పారే నీరు. కాబట్టి ఈ ఊళ్లకు నమూనా కట్టేటప్పుడు ముందుగా ఎక్కించాల్సింది ఉపగ్రహ చిత్రం కాదు, వంతుల పట్టిక.