గీతకు ఇవతలి కంప్యూటర్

రాత్రి తొమ్మిది దాటింది. గుండుగొలనులో ఆ ఇంటి ముందుగదిలో, కంప్యూటర్ క్యాబినెట్‌కు పక్క మూత ఊడదీసి ఉంది. లోపల ఫ్యాన్ రెక్కల మీద హైవే దుమ్ము పేరుకుపోయింది. ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న కుర్రాడు పెయింట్ బ్రష్‌తో దులుపుతున్నాడు. ఫోన్ స్పీకర్‌లో హైదరాబాద్ నుంచి అన్నయ్య.

"పాత హార్డ్‌డిస్క్ కేబుల్ పీకేశావా?"

"పీకకపోతే ఏమవుద్దన్నయ్యా?"

"ఏ డిస్క్‌లో ఎక్కించాలని అది అడిగినప్పుడు నీ వేలు జారితే నాన్న లెక్కలన్నీ తుడిచిపెట్టుకు పోతాయి. ముందు పీకెయ్."

నాన్న లెక్కలంటే చెరువు లెక్కలు. కొల్లేటి వైపు లీజుకు తీసుకున్న చేపల చెరువు. శీలావతి, బొచ్చె పిల్లలు ఎంతకు తెచ్చారు, తవుడు ఎన్ని బస్తాలు పడింది, పట్టుబడికి ఎంత తూగింది, అన్నీ ఎక్సెల్‌లో ఉన్నాయి. బ్యాంక్ పనులు కూడా ఆ కంప్యూటర్‌లోనే.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఈ ఇల్లు, ఈ మనుషులు కల్పితం. కంప్యూటర్ తెర మీద కనిపించినవి, వాటి వెనకున్న తేదీలు, కారణాలు మాత్రం నిజం. 2025 అక్టోబర్ 14 తర్వాత పాత కంప్యూటర్ ఉన్న ఏ ఇంట్లోనైనా జరగగలిగిన రాత్రి ఇది.

ఆ రోజుతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 వచ్చి అప్పటికే నాలుగేళ్లు. కానీ అది 2021 అక్టోబర్ 5న వస్తూనే ఒక గీత గీసింది. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ గానీ ఆ తర్వాతది గానీ అయి ఉండాలి. టీపీఎం 2.0 ఉండాలి. సెక్యూర్ బూట్‌కు వీలుండాలి. ఈ ఇంట్లోది ఐ5-4460, అంటే నాలుగో తరం. అది మార్కెట్లోకి వచ్చిన 2014లోనే మన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. అన్నయ్య బీటెక్‌లో ఉండగా అందులో జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు వేయించాడు. అన్నయ్యకు ఉద్యోగం వచ్చాక ఆ డబ్బా తమ్ముడి చేతికి వచ్చింది.

ఆ గీత ఊరికే గీసింది కాదు. టీపీఎం అనేది తాళంచెవుల్లాంటి రహస్య సంకేతాలను విడిగా దాచిపెట్టే ఏర్పాటు. సెక్యూర్ బూట్, కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు సంతకం సరిపోని సాఫ్ట్‌వేర్‌ను లోపలికి రానివ్వదు. రెండూ దొంగ ప్రోగ్రాములకు అడ్డుకట్టలే. అంత మాత్రాన చక్కగా నడుస్తున్న డబ్బాను పాతసామాన్ల బండికి ఎత్తాలా? ఈ మార్పు వల్ల దాదాపు 24 కోట్ల కంప్యూటర్లు చెత్తకుప్పకు చేరవచ్చని క్యానలిస్ అనే పరిశోధన సంస్థ 2023 డిసెంబర్‌లో అంచనా వేసింది. ఆ అంకె చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. అందుకే ఆ కుర్రాడి పట్టుదల నాకు తప్పుగా అనిపించదు.

కేబుల్ పీకాడు. కొత్తగా కొన్న 256 జీబీ ఎస్ఎస్‌డీ తగిలించాడు. విండోస్ 11 ఎక్కించిన పెన్‌డ్రైవ్ గుచ్చి, ఎఫ్12 నొక్కి ఆన్ చేశాడు. భాష అడిగింది, ఎంచుకున్నాడు. ప్రొడక్ట్ కీ లేదని నొక్కాడు. అక్కడ ఆగింది. ఈ పీసీలో విండోస్ 11 నడవదని తెర మీద వచ్చింది.

"వచ్చిందా? రానీ. షిఫ్ట్ నొక్కిపట్టి ఎఫ్10 కొట్టు."

నల్లటి చిన్న కిటికీ తెరుచుకుంది. అందులో రెజ్ఎడిట్ అని కొడితే విండోస్ రిజిస్ట్రీ తెరుచుకుంది. అన్నయ్య ఒక్కో మెట్టే చెబుతున్నాడు. సిస్టమ్‌లోకి, అక్కణ్ణుంచి సెటప్‌లోకి వెళ్లాడు. అక్కడ ల్యాబ్‌కాన్ఫిగ్ అనే కొత్త పేరు చేర్చాడు. దాని కింద బైపాస్‌టీపీఎంచెక్, బైపాస్‌సెక్యూర్‌బూట్‌చెక్. రెండింటికీ విలువ 1. వెనక్కి వచ్చి మళ్లీ ముందుకు నొక్కితే ఈసారి అడ్డు లేదు.

అప్పటిదాకా మంచం మీద పడుకుని వింటున్న నాన్న లేచి కూర్చున్నాడు.

"వద్దన్నదాన్ని ఎందుకురా ఎక్కిస్తున్నారు? తర్వాత ఏదైనా అయితే?"

ఫోన్‌లో కాసేపు మాట లేదు. "నిజమే నాన్నా. ఇలా ఎక్కించినవాటికి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ వాళ్లు హామీ ఇవ్వరు. ఇప్పటికైతే నెలనెలా వస్తున్నాయి. ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేట్ మాత్రం మనమే ఇలా పట్టుబట్టి ఎక్కించుకోవాలి."

"రాకపోతే?"

"చెరువు గట్టు చూసుకునే మనిషి మానేసినట్టే. గండి ఎప్పుడు పడుతుందో తెలీదు."

"మరి నా బ్యాంకు అందులోనే కదరా?"

ఈ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరో ఒకరు అడగడం నాకు ముఖ్యం. అడ్డదారిలో విండోస్ ఎక్కించడం నేర్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ కంప్యూటర్‌లో ఇంకెవరి డబ్బు ఉందని వాళ్లు అడగరు.

పాత డిస్క్ విడిగా భద్రంగా ఉంది కాబట్టి ఎక్కించడం పూర్తి చేశారు. లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉండటంతో నెట్ తగలగానే యాక్టివేట్ అయింది. గ్రాఫిక్స్ డ్రైవర్ తనంతట తనే దిగింది. ఆ 10 సిరీస్ కార్డులకు కొత్త ఆటల కోసం డ్రైవర్లు ఇవ్వడం వాటి తయారీ కంపెనీ ఎన్విడియా కూడా ఆ అక్టోబర్‌తోనే ఆపేసింది. భద్రతా డ్రైవర్లు మాత్రం 2028 అక్టోబర్ దాకా ఇస్తానంది. ఏమైనా అంతా పనిచేస్తోందని కుర్రాడు ఒక్క గెంతు గెంతాడు. వేలరెంట్ అనే ఆటను దించడానికి పెట్టి నిద్రపోయాడు.

పొద్దున్నే తెరిచాడు. ఆట రాలేదు. వ్యాన్ 9001 అని ఒక పెట్టె వచ్చింది.

వేలరెంట్‌లో మోసం చేసి ఆడేవాళ్లను పట్టుకోవడానికి రయట్ గేమ్స్ పెట్టిన కాపలా పేరు వ్యాన్‌గార్డ్. విండోస్ 11 కనిపిస్తే అది టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఉన్నాయా అని తనే విడిగా చూస్తుంది. రాత్రి రిజిస్ట్రీలో రాసిన రెండు ఒకట్లు విండోస్ సెటప్‌ను దాటించాయి గానీ, లేని చిప్‌ను పుట్టించలేదు. విండోస్ 10లో మామూలుగా వ్యాన్‌గార్డ్ ఈ పట్టు పట్టదు. ఏ ఆట కోసం కొత్తది ఎక్కించాడో ఆ ఆట పాతదాంట్లోనే నడుస్తుంది!

"సెక్యూర్ బూట్ అంటే బయోస్‌లో చూడొచ్చురా," అన్నాడు అన్నయ్య. "టీపీఎం 2.0 ఎక్కణ్ణుంచి తేను? ఆ బోర్డులో లేదు. ఆ సంగతి పక్కన పెట్టి నేను చెప్పేది విను."

చెప్పింది ఇది. పాత డిస్క్‌లోని విండోస్ 10కు ఇంకా ఏడాది గడువు దొరుకుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, సెట్టింగ్స్ బ్యాకప్ చేస్తే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు పైసా ఖర్చు లేకుండా వస్తాయి. ఆట అందులో. ఎస్ఎస్‌డీ మీద విండోస్ 11 తుడిచేసి, దాని బదులు లైనక్స్ మింట్ 22. దానికి టీపీఎం అక్కర్లేదు, ఎనిమిదో తరం అక్కర్లేదు, 2029 దాకా మద్దతు ఉంది. నాన్న పని అందులో.

"ఎస్ఎస్‌డీ నా ఆట కోసం కొన్నది!"

"ఆట తెరుచుకోవడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది. అంతే కదరా."

కుర్రాడు సాయంత్రం దాకా ముఖం ముడుచుకునే ఉన్నాడు. తర్వాత తనే పెన్‌డ్రైవ్‌లో మింట్ రాసి ఎక్కించాడు. ఈసారి ఏ తెరా వద్దనలేదు, ఏ అడ్డదారీ తొక్కాల్సిన పని పడలేదు. పాత డిస్క్ తగిలించి చెరువు ఫైలును లిబ్రెఆఫీస్‌లో తెరిచాడు. తెలుగు అక్షరాలు సరిగ్గా వచ్చాయి. నాన్న చేతిపుస్తకం తెచ్చి, కళ్లజోడు పెట్టుకుని, కిందటి పట్టుబడి మొత్తాన్ని, లీజు బాకీని, తవుడు షాపు ఖాతాను ఒక్కొక్కటీ వేలితో పోల్చి చూసుకున్నాడు. తేడా లేదు.

"మరి ఆ ఆట డిస్క్‌లో నా బ్యాంకు తెరవొద్దు," అన్నాడు.

కుర్రాడు కంప్యూటర్‌ను విండోస్ 10లోకి మార్చి ఏడాది గడువుకు నమోదు చేశాడు. బ్రౌజర్‌లో దాచి ఉన్న నాన్న బ్యాంక్ పాస్‌వర్డ్‌ను తీసేశాడు. తర్వాత వేలరెంట్ మీద నొక్కాడు.