చేతి రిక్షా చెప్పే భౌతికశాస్త్రం: పని, శక్తి, సామాన్య యంత్రాలు

మనిషిని మనిషి లాగే చేతి రిక్షాలు నేటికీ కనిపించే నగరాల్లో కోల్‌కతా ముఖ్యమైనది. వర్షాకాలంలో మోకాలి లోతు నీరు నిలిచిన ఉత్తర కోల్‌కతా సందుల్లో మోటారు వాహనాలు ఆగిపోయినా ఈ బండి కదులుతుంది. పని, శక్తి, సామర్థ్యం, సామాన్య యంత్రాలు అనే పాఠ్యపుస్తక భావనలకు ఇంతకంటే సజీవమైన ఉదాహరణ అరుదు.

ఒక వస్తువుపై బలం ప్రయోగించినప్పుడు అది బలం దిశలో కదిలితేనే పని జరిగినట్లు భౌతికశాస్త్రం పరిగణిస్తుంది. ఒక న్యూటన్ బలంతో వస్తువు ఒక మీటరు కదిలితే జరిగిన పని ఒక జౌల్. పని చేయగల స్తోమతే శక్తి. దాన్ని కూడా జౌళ్లలోనే కొలుస్తారు.

మనుషులతో కలిపి 200 కిలోల బరువున్న రిక్షాను చదునైన దారిలో లాగడానికి 40 న్యూటన్ల బలం కావాలనుకుందాం. కిలోమీటరు దూరానికి జరిగే పని 40,000 జౌళ్లు. అయితే మానవ కండరాల దక్షత దాదాపు నాలుగో వంతు మాత్రమే. అంటే ఈ పనికి శరీరం సుమారు 1,60,000 జౌళ్ల ఆహారశక్తిని వెచ్చించాలి. తన శరీరాన్ని నడిపించుకోవడానికి అయ్యే ఖర్చు దీనికి అదనం. మిగిలిన శక్తి నశించదు, వేడిగా మారుతుంది. శక్తి నిత్యత్వ నియమం చెప్పేది ఇదే. లాగేవాడి ఒంటిపై చెమటే అందుకు సాక్ష్యం.

పని జరిగే వేగమే సామర్థ్యం. ఆ కిలోమీటరును 12 నిమిషాల్లో దాటితే సామర్థ్యం సుమారు 56 వాట్లు, 8 నిమిషాల్లో దాటితే సుమారు 83 వాట్లు. బిమల్ రాయ్ 1953లో తీసిన ‘దో బీఘా జమీన్’ చిత్రంలో, అదనపు డబ్బు ఆశతో కథానాయకుడు శంభు కోల్‌కతా వీధుల్లో రిక్షాను పరుగెత్తిస్తాడు. చివరకు చక్రం ఊడి గాయపడతాడు. పని మారకపోయినా వేగం పెరిగితే శరీరంపై ఎంత భారం పడుతుందో ఆ దృశ్యం చూపుతుంది.

రిక్షాలో రెండు సామాన్య యంత్రాలు ఉన్నాయి. మొదటిది చక్రం, ఇరుసు. ఇరుసు వ్యాసార్ధం చక్రం వ్యాసార్ధంలో ఇరవయ్యో వంతు ఉంటే, ఇరుసు వద్ద పుట్టే ఘర్షణలో ఇరవయ్యో వంతును అధిగమించే బలం చాలు. పెద్ద చక్రాలు గుంతలను కూడా సులువుగా దాటుతాయి. రెండోది తులాదండం. ఇక్కడ ఇరుసే ఆధారం. 120 కిలోల భారం ఇరుసుకు 5 సెంటీమీటర్ల దూరంలో ఉండి, బండి నొగలను 150 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే, 4 కిలోల బరువుకు సమానమైన బలంతోనే దాన్ని నిలపవచ్చు.

వాలుతలమూ సామాన్య యంత్రమే. 200 కిలోలను ఒక మీటరు ఎత్తుకు చేర్చడానికి 1,960 జౌళ్ల పని అవసరం. అదే ఎత్తును 10 మీటర్ల వాలు మీదుగా ఎక్కితే, ఘర్షణను మినహాయిస్తే, 196 న్యూటన్ల బలం చాలు. యంత్రం బలాన్ని తగ్గిస్తుంది, దూరాన్ని పెంచుతుంది. పనిని మాత్రం తగ్గించలేదు.

బడాబజార్‌లో తలపై మూట మోస్తూ కదలకుండా నిలబడిన హమాలీ, భౌతికశాస్త్రం లెక్కలో ఆ మూటపై ఏ పనీ చేయడం లేదు. కానీ భారాన్ని నిలపడానికి అతని కండరాలు నిరంతరం శక్తిని ఖర్చు చేస్తూనే ఉంటాయి. అందుకే అతడు అలసిపోతాడు. శాస్త్రంలోని ‘పని’ వేరు, మనిషి పడే శ్రమ వేరు.

చేతి రిక్షాల నిషేధానికి 2006లో పశ్చిమబెంగాల్ శాసనసభ చట్ట సవరణను ఆమోదించింది. న్యాయస్థానంలో సవాలు ఎదురవడంతో అది అమలుకు నోచుకోలేదు. లాగేవారిలో అధికులు బిహార్ వంటి ప్రాంతాల నుంచి వలస వచ్చిన పేదలు. ఈ వృత్తి మానవ గౌరవానికి భంగమన్నది ఒక వాదన, ప్రత్యామ్నాయ ఉపాధి చూపకుండా తొలగిస్తే ఆకలే మిగులుతుందన్నది మరో వాదన. మోటారు అమర్చితే లాగే భారం విద్యుత్తుకో ఇంధనానికో మారుతుంది. కానీ ఆ మోటారు బండి ఎవరి చేతికి అందుతుందన్న ప్రశ్నకు జవాబు భౌతికశాస్త్రం ఇచ్చేది కాదు.