దంత బాండింగ్

అంచు విరిగిన పంటిని, మరక పట్టిన పంటిని, సందు పడిన ముందరి పళ్ళను పంటి రంగు రెజిన్‌తో దిద్ది మెరుగుపెట్టే చికిత్స దంత బాండింగ్. నున్నగా, ఎప్పుడూ తడిగా ఉండే పంటికి ఏ పదార్థమైనా ఎలా అంటుకుంటుందన్న చిక్కు ప్రశ్న చుట్టూనే దీని చరిత్ర అంతా నడిచింది.

అంటించే కిటుకు తెలియని రోజుల్లో పూడిక నిలవాలంటే బాగున్న పంటిని కూడా తొలవవలసి వచ్చేది. 1930లలో హాలీవుడ్ నటుల పళ్ళకు దంతవైద్యుడు చార్లెస్ పింకస్ పలుచని తొడుగులు అమర్చాడు కానీ, అవి చిత్రీకరణ వరకే నిలిచేవి. తర్వాత వచ్చిన ఆక్రిలిక్ పూడికలు గట్టిపడేటప్పుడు కుంచించుకుపోయి, అంచుల వెంట మరక పట్టేవి.

1955లో దారి దొరికింది. అమెరికాలోని రాచెస్టర్‌లో పనిచేస్తున్న మైకేల్ బ్యూనకోర్, రంగు బాగా పట్టడానికి పరిశ్రమల్లో లోహాన్ని ఫాస్ఫారిక్ ఆమ్లంతో సిద్ధం చేసే పద్ధతిని పంటిపై ప్రయోగించి చూశాడు. 85 శాతం ఆమ్లాన్ని 30 సెకన్లు ఉంచి కడిగితే పంటి పైపొర అయిన ఎనామిల్ గరుకుదేలింది. ఆ సూక్ష్మ రంధ్రాల్లోకి దిగిన రెజిన్ అక్కడే గట్టిపడి, వేళ్ళూనినట్టు పట్టుకుంది. ఆమ్లం గాఢత తగ్గి ఇప్పుడు సుమారు 37 శాతానికి వచ్చినా సూత్రం అదే. ఆధునిక దంతవైద్యంలో ఇంత చిన్న ప్రయోగం ఇంత పెద్ద మార్పు తెచ్చిన సందర్భాలు అరుదు.

అంటించే మార్గం దొరికాక తగిన పదార్థం కావలసి వచ్చింది. రఫాయెల్ బోవెన్ 1962లో పేటెంటు పొందిన బిస్-జీఎంఏ రెజిన్‌లో సిలికా పొడి కలపడంతో కుంచించుకుపోవడం తగ్గి, గట్టిదనం పెరిగింది. రెజిన్, పొడి కలిసిన నేటి కాంపోజిట్లకు మూలం ఇదే. 1970లలో అతినీలలోహిత కాంతితో, ఆపై నీలి కాంతితో గట్టిపడే రెజిన్లు వచ్చాయి. కాంతి పడేదాకా ముద్ద మెత్తగానే ఉంటుంది కనుక, పొరలు పొరలుగా పెట్టి తీరిగ్గా ఆకారం దిద్దే వీలు డాక్టరుకు చిక్కింది. ఎనామిల్ కింద ఉండే డెంటిన్ మాత్రం తేమవల్ల అంటించడానికి సులువుగా లొంగలేదు. జపాన్‌లో ఫుసయామా, నకబయాషిల పరిశోధనలతో 1980ల నాటికి ఆ అతుకూ సాధ్యమైంది.

తెలుగు నేలపై ఈ చికిత్సకు ప్రత్యేకమైన అవసరం ఉంది. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువవడం వల్ల వచ్చే, 1937లోనే నెల్లూరు జిల్లా నుంచి నమోదైన ఫ్లోరోసిస్, నల్లగొండ ప్రాంతంలోనూ ఎందరి పళ్ళకో గోధుమరంగు మరకలు మిగిల్చింది. బాండింగ్ వాటిని కప్పగలదు. అయితే ఫ్లోరైడ్ ఎక్కువైన ఎనామిల్ ఆమ్లానికి త్వరగా లొంగదు, కాబట్టి తరచు ఎక్కువసేపు ఆమ్లం పెట్టవలసి వస్తుంది.

టీ, కాఫీ, పొగాకు వల్ల రెజిన్ రంగు మారుతుంది, కొన్నేళ్ళకు అరుగుతుంది. పళ్ళను తెల్లబరిచే మందులు దానిపై పనిచేయవు. అంచు విరిగితే మాత్రం, చాలాసార్లు అసలు పంటిని అరగదీయకుండానే, ఆ మేరకు కొత్త రెజిన్ అంటించి సరిచేయవచ్చు.