రుజువు రాకముందే సంతకం

వాతావరణ మార్పు సంగతి ఎత్తగానే ఒక మాట వినిపిస్తుంది: "శాస్త్రజ్ఞులకే పూర్తిగా తేలలేదు, మనకెందుకు తొందర?" ఓజోన్ పొర విషయంలోనూ అచ్చం ఇదే అన్నారు.

ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో అప్పట్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్ వాయువులు పైకి చేరి ఓజోన్‌ను హరిస్తాయని 1974లో మొలీనా, రోలండ్ చెప్పారు. అప్పటికది లెక్కలో తేలిన మాటే. ఆకాశంలో ఎవరూ కొలిచి చూసింది కాదు. తయారీదారులు వట్టి ఊహ అన్నారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ బాగా పలచబడిందని బ్రిటిష్ పరిశోధకులు ప్రకటించారు. అయినా కారణం మీద వాదం ఆగలేదు. 1987లో చిలీ నుంచి విమానాలు ఎగిరి కొలతలు తీస్తుండగానే, సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో సంతకాలు పడ్డాయి. క్లోరినే దోషి అని ఆ కొలతలు లోకానికి చెప్పింది ఆ తర్వాతనే!

ఆ ఒప్పందం తెలివంతా మరోచోట ఉందని నాకు తోస్తుంది. కొత్త సంగతులు తేలినకొద్దీ దిద్దుకోవచ్చని అందులోనే రాసుకున్నారు. మొదట సగానికి తగ్గిద్దామన్నవారు, 1990లో లండన్‌లో పూర్తిగా మానేద్దామన్నారు. వర్ధమాన దేశాల ఖర్చుకు నిధీ అక్కడే ఏర్పరిచారు. 1992లో మన దేశం చేరింది.

అదే ఏడు రియోలో సంతకాలు జరిగిన వాతావరణ ఒప్పందంలోనూ, పూర్తి నిశ్చయం లేదన్న సాకుతో చర్యలు వాయిదా వేయరాదని రాశారు. అయితే బొగ్గు, పెట్రోలు ఫ్రిజ్ వాయువంత సులువుగా వదిలేవి కావు. ఇంకో విశేషం: ఆ ఫ్రిజ్ వాయువులు వేడినీ పట్టి ఉంచుతాయి. కనుక మాంట్రియల్‌లో ఓజోన్ కోసం పెట్టిన సంతకం భూమి వేడిని కూడా కొంత అడ్డుకుంది.