కథల పుస్తకపు అక్షరం

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున, ఉస్మానియా ఆస్పత్రికి దగ్గర్లో ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో అసఫియా లైబ్రరీగా పుట్టింది. లండన్ హామర్‌స్మిత్‌లో కళాకారుడు విలియం మోరిస్ కెల్మ్‌స్కాట్ ప్రెస్ తెరిచింది కూడా ఆ 1891లోనే. తన కాలపు అచ్చు ఆయన కంటికి పీలగా, వెలవెలబోతూ కనిపించేది. అందుకని 1470ల నాటి వెనిస్ ముద్రకుడు నికొలా జెన్సన్ పుటలను ఫొటోలు తీయించి, పెద్దవి చేయించి, వాటి మీద గీసి గీసి చెయ్యి తిప్పుకొని ‘గోల్డెన్ టైప్’ తయారుచేశాడు. గీతల కొసల్లో బలిసిన కాళ్లు, అంటే సెరిఫ్‌లు, దాని సొగసు. ఇంగ్లీషు కథల పుస్తకాలకు ‘అనగనగా’ అనిపించే వాలకం ఇలాంటి అక్షరాలతోనే అబ్బింది. కావాలని తెచ్చిపెట్టుకున్న పాతదనమన్నమాట.

మన అక్షరానికి కాళ్లు లేవు, తలకట్టు ఉంది. పాత తెలుగు అక్షరం అనగానే తాటాకులు గుర్తొస్తాయి గానీ, గంటం గీసిన గీత మొదలు నుంచి చివరిదాకా దాదాపు ఒకే లావు. ఒకచోట బొద్దుగా పొంగి మరోచోట వెంట్రుకలా సన్నబడే ఒయ్యారం సీసపు అచ్చులో స్థిరపడింది. 1746-47లో జర్మనీలోని హాలేలో బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు అచ్చువేశాడు. తర్వాత సెరంపూర్, మద్రాసు. 1854లో మొదలైన వావిళ్ల వారి ప్రెస్సు లాంటివి ఆ అచ్చును ఇంటింటికీ చేర్చాయి. ఆనాటి పుటను వెలుతురుకు వాలుగా పట్టి చూడండి. గీతల అంచున సిరా ముద్దకట్టి ఉంటుంది, వత్తు పై అక్షరానికి అంటీ అంటనట్టు కూర్చుంటుంది, పుట వెనక వేలితో తడిమితే అచ్చు ఒత్తిడి తగులుతుంది.

ఉర్దూ దారి వేరు. నస్తాలీఖ్ ఏటవాలుగా జారే లిపి, సీసపు ముక్కల్లో ఓ పట్టాన ఇమడదు. కాతిబ్, అంటే లేఖకుడు, చేత్తో రాసినదాన్ని రాతి మీదికి దించి అచ్చువేసేవారు. లక్నో నవల్ కిశోర్ ప్రెస్ ‘దాస్తానె అమీర్ హమ్జా’ను 46 సంపుటాల్లో తెచ్చింది. అంతటి కథాసాగరానికీ కలమే ఆధారం. నయాపూల్ దాటి ఛత్తాబజార్‌కు వెళ్తే, శుభలేఖల దుకాణాల్లో ఆ లిపి వంపులు ఇప్పటికీ కనిపిస్తాయి.

తెలుగులో చేతిరాత అచ్చులోకి తిరిగి వచ్చింది బాపు కుంచెతో. పుస్తకాల అట్టల మీద, సినిమా పేర్ల మీద ఆయన రాత చూసి చూసి, చివరికి దాన్నే ఫాంటుగా చేసుకున్నారు. తర్వాత సిలికానాంధ్ర సంస్థ ద్వారా యూనికోడ్ ఫాంటులు ఉచితంగా వచ్చాయి: శ్రీకృష్ణదేవరాయ, పెద్దన, తిమ్మన, సూరన్న. పేర్లు పాతవే. ఆ అక్షరాల్లో తన పేరు చూస్తే రాయలవారు తడుముకోకుండా చదవగలరా అంటే నాకు అనుమానమే. పాత కథల వాలకంతో కొత్త ఫాంటు గీయదలచినవారు తాటాకుల కన్నా ముందు మద్రాసు అచ్చు పుస్తకాలు తిరగెయ్యడం మేలు.