దర్ద్‌కు సబ్ర్ ఒక్కటే దవా కాదు

ఆబిడ్స్‌లో డ్యూటీ అయిపోయాక నాంపల్లి స్టేషన్ మీదుగా రెడ్ హిల్స్ దాకా నడవడం నా పాత ఆదత్. ఆ దారిలో ప్రతిసారీ ఫుప్పు యాదికొస్తుంది.

రొమ్ము క్యాన్సర్ ఆమె రీఢ్ కీ హడ్డీకి, అంటే వెన్నెముకకు పాకింది. మంచంలో పక్కకు తిరగాలన్నా “యా అల్లా” అని కేక. ఒక దవాఖానాలో డాక్టర్ సాబ్ “ఈ స్టేజీలో దర్ద్ మామూలే, సబ్ర్ చేయండి” అన్నాడు. మేమూ ఫుప్పుకు అదే చెప్పాం. ఇలాజ్ ఉందేమోనని అడగలేదు.

దర్ద్ గురించి ఈ షహర్‌కు పెద్ద తారీఖే ఉంది. ఆబిడ్స్‌కు పేరిచ్చిన ఆల్బర్ట్ ఆబిడ్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేశాడు. అదే నిజాం ఖజానా సొమ్ముతో 1888, 1889లలో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్‌లు జరిగాయి. ఆపరేషన్‌లో దర్ద్ తెలియకుండా ఇచ్చే క్లోరోఫాం కొందరి జాన్ ఎందుకు తీస్తోందన్నది సవాల్. ఎడ్వర్డ్ లారీ బృందం వందలాది జంతువుల మీద పరీక్షలు చేసి, శ్వాసను కనిపెట్టుకుంటే చాలు, గుండెకు ఖతరా లేదంది. ఆ ఫైసలా తర్వాత గలత్ అని తేలింది. అయినా మరీజ్ దర్ద్‌ను కిస్మత్‌కు వదిలేయకుండా ఇల్మ్‌తో తేల్చుకోవాలనుకున్నారు కదా! లారీ నడిపిన మెడికల్ స్కూల్ 1846లో మొదలైంది. తొలినాళ్లలో అక్కడ చదువంతా ఉర్దూలోనే. ఉర్దూ మీడియం వాడిగా నాకది ఫఖర్.

దాదాపు వందేళ్లకు, 1984లో, ఫ్రాన్స్‌లో గాలిబేర్, దెరామోన్ అనే డాక్టర్లు గడ్డ తొలిచేసిన ఒక మెడపూసలోకి సూదితో బోన్ సిమెంట్ ఎక్కించారు. దర్ద్ తగ్గింది. అదే వెర్టెబ్రోప్లాస్టీ. మరీజ్‌ను బోర్లా పడుకోబెట్టి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ, కూలిన పూసలోకి కొన్ని మిల్లీలీటర్ల సిమెంట్ పంపుతారు. నిమిషాల్లో గట్టిపడుతుంది. పెద్ద కోత ఉండదు. ముందు బెలూన్‌తో పూసను లేపి ఆ ఖాళీలో సిమెంట్ నింపితే అది కైఫోప్లాస్టీ.

ఇది క్యాన్సర్‌కు షిఫా కాదు, పడిపోతున్న గోడకు ఆసరా. అందరికీ పనికిరాదు. సిమెంట్ పక్కకు కారితే నరాలకు ఖతరా. వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు చచ్చుబడుతుంటే వెంటనే వేరే ఇలాజ్ కావాలి. చాలామందికి రేడియేషన్, మార్ఫిన్‌లే మొదటి ఆసరా. ఆ మార్ఫిన్ కూడా 1985 మాదకద్రవ్యాల కానూన్ తర్వాత మరీజ్‌లకు దొరకడం కష్టమైంది. 2014 సవరణతో దారి కొంత తేలికైంది.

నా నడక ఆగేది రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ దవాఖానా దగ్గర. 1955లో మొదలైన ఈ దవాఖానాకు, తర్వాత గుజరాత్ తొలి గవర్నర్ అయిన మెహదీ నవాజ్ జంగ్ పేరు పెట్టారు. నయం కాని మరీజ్‌ల దర్ద్ తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగం కూడా ఇక్కడుంది. ఇదంతా ఫుప్పు ఇంతెఖాల్ అయ్యాకే తెలుసుకున్నాను. మా ఇంటి నుంచి ఇక్కడికి ఒక్క ఆటో దూరం.

సబ్ర్ గొప్పదే. కానీ మీ ఇంట్లో ఎవరైనా అలా కేక వేస్తుంటే, సబ్ర్ చేయమనే ముందు డాక్టర్‌ను ఒక్క మాట అడగండి: “సాబ్, ఈ దర్ద్‌కు ఏం ఇలాజ్ ఉంది?” మేం అడగలేదు.